లాగిన్ డే సాయంత్రం: బ్యాంకు ఉద్యోగుల ప్రశ్నలు, మా జవాబులు

బ్యాంకుల్లో పని వాతావరణం పనితీరును ఎలా మారుస్తుందన్న విషయంపై పాఠకుల నుంచి ఉత్తరాలు ఆహ్వానించాం. వచ్చినవాటిలో ఆరింటికి ఈ నెల జవాబిస్తున్నాం. రాసినవారి పేర్లు, వారి బ్యాంకుల పేర్లు వేయడం లేదు. ఒకే రకం ప్రశ్నలు చాలామంది పంపారు కాబట్టి వాటిని కలిపి కుదించాం.

ప్రశ్న: మాది పల్లెటూరి శాఖ. నాతో కలిపి ఆరుగురం. వారానికో లాగిన్ డే, అంటే ఏదో ఒక పథకంలో ఆ ఒక్కరోజే వీలైనన్ని ఖాతాలు నమోదు చేయాలి. ఒకసారి అటల్ పెన్షన్, ఒకసారి బీమా, ఇంకోసారి క్రెడిట్ కార్డులు. సాయంత్రం వీసీలో (వీడియో కాన్ఫరెన్సులో) సున్నా ఉన్న శాఖల పేర్లు చదువుతారు. ఏదోలా అంకె చూపిస్తున్నాం, మూడు నెలలు తిరిగేసరికి సగం ఖాతాలు ఆగిపోతున్నాయి. మావాళ్లకు పని మీద మనసు పోయింది. పైనుంచి వచ్చే టార్గెట్‌ను నేను ఆపలేను. శాఖలో ఏం చేయగలను?
– బ్రాంచ్ మేనేజరు, ప్రకాశం జిల్లా

మీ శాఖలో మనసు విరిగింది పని ఎక్కువై కాదని మా అభిప్రాయం. నిలబడదని తెలిసిన ఖాతాను తెరవడం, అది తెరిచినందుకు శభాష్ అనిపించుకోవడం, తెరవకపోతే పదిమంది ముందు తిట్లు తినడం: ఈ మూడూ కలిస్తే ఎంత మంచి ఉద్యోగి అయినా ఆరు నెలల్లో యంత్రంలా తయారవుతాడు.

ఇది ఎంతదూరం వెళ్తుందో అమెరికాలోని వెల్స్ ఫార్గో చూపించింది. ఒక్కో కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలన్నది అక్కడి నినాదం. ఆ ఒత్తిడిలో సిబ్బంది ఖాతాదారులకు చెప్పకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికే కొన్నేళ్లలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు, వారిలో ఎక్కువమంది కింది స్థాయి వారే. మొదట 20 లక్షలన్న అనుమానాస్పద ఖాతాల లెక్క మరుసటి ఏడాది 35 లక్షలకు పెరిగింది. 2018 ఫిబ్రవరిలో ఫెడరల్ రిజర్వు ఆ బ్యాంకు ఆస్తులు పెరగకుండా పరిమితి పెట్టింది. అది తొలగింది 2025 జూన్‌లో. కౌంటర్లో కూర్చున్నవారి మీద పెట్టిన ఒత్తిడికి బ్యాంకు ఏడేళ్లు ఎదుగుదల కోల్పోయింది.

మన దగ్గర సరిగ్గా అదే నెలలో, 2016 సెప్టెంబరులో, జన్‌ధన్ ఖాతాల్లో రూపాయి జమల సంగతి పత్రికలకెక్కింది. జీరో బ్యాలెన్సు ఖాతాల సంఖ్య తగ్గించమన్న ఒత్తిడికి కొన్నిచోట్ల సిబ్బందే రూపాయి చొప్పున వేశారు. అంకె తగ్గింది, ఖాతా మాత్రం అలాగే పడి ఉంది.

ఇక మీ శాఖ సంగతి. ముందుగా, టార్గెట్‌ను ఆరుగురికీ సమానంగా పంచడం ఆపండి. అటల్ పెన్షన్‌నే తీసుకుందాం. 18 నుంచి 40 ఏళ్లలోపు, ఆదాయపు పన్ను కట్టనివారే అర్హులు. మీ ఖాతాదారుల్లో ఆ వయసువారి జాబితా తీయించండి. అందులో గత ఆరు నెలలుగా ఖాతాలో కదలిక ఉన్నవారిని వేరు చేయండి. అప్పటికే చేరినవారిని తీసేస్తే మిగిలేదే మీ అసలు పొలం. క్యాష్ కౌంటర్లో ఉన్నవారికి ఈ పని ఇవ్వకండి. క్యూలో ఇరవై మంది నిలబడి ఉండగా పింఛను పథకం వివరించడం ఎవరివల్లా కాదు. ఖాతా తెరిచే డెస్కు, డ్వాక్రా సంఘాల మీటింగు, పంట రుణాల రెన్యువల్ – ఈ మూడు చోట్లే మనిషి నాలుగు నిమిషాలు కూర్చుని వింటాడు.

ఖాతాలు ఎందుకు ఆగుతున్నాయో కూడా చూడండి. హడావుడిలో అందరికీ నెలవారీ వాయిదా పెట్టేస్తారు. నెలకు వెయ్యి రూపాయల పింఛనుకు 18 ఏళ్లవారు కట్టాల్సింది 42 రూపాయలు, 40 ఏళ్లవారు కట్టాల్సింది 291 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ మిరప రైతు ఖాతాలో, కూలికి వెళ్లే మనిషి ఖాతాలో ప్రతి నెలా ఒకే తేదీన డబ్బు ఉండదు. ఈ పథకంలో మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి కట్టే వీలుంది. పంట డబ్బు చేతికొచ్చే నెల అడిగి తెలుసుకుని, దానికి దగ్గరగా అర్ధసంవత్సర వాయిదా పెట్టండి. దరఖాస్తు నింపే ఉద్యోగి ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆ ఖాతా నిలబడే అవకాశం బాగా పెరుగుతుంది. తాను చేసింది నిలబడిందని మూడు నెలల తర్వాత తెలిసిన ఉద్యోగి నాలుగో నెల వేరే ఉత్సాహంతో పని చేస్తాడు.

అందుకే శాఖ లోపలి బోర్డు మీద రెండు అంకెలు రాయండి: ఈ నెల తెరిచినవి, మూడు నెలల కిందట తెరిచినవాటిలో ఇంకా నడుస్తున్నవి. రెండోదాని గురించే మాట్లాడండి.

సంతకం లేకుండా డెబిట్ పడకూడదన్న నియమం మీ నోటినుంచే రావాలి. సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలే, జీవన్‌జ్యోతి జీవిత బీమా 436 రూపాయలు. ‘ఇరవై రూపాయలే కదా’ అని అడగకుండా వేసేస్తే, జూన్ మొదటివారంలో పాస్‌బుక్ పట్టుకుని వచ్చిన పెద్దాయన కౌంటర్లో పదిహేను నిమిషాలు నిలదీస్తాడు. ఆ మాటలు పడేది పాపం క్యాషియరు, వేయమన్నది ఇంకెవరో.

వీసీ విషయానికి వద్దాం. మీ పేరు చదివేదాకా ఆగకండి. ముందురోజు మధ్యాహ్నమే ఆర్వోకి (రీజినల్ ఆఫీసుకు) నాలుగు అంకెలతో మెయిల్ పెట్టండి: అర్హులు ఎంతమంది, ఎంతమందిని కలిశాం, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎన్ని లాగిన్ అయ్యాయి. ‘అర్హులు 140, కలిసినవారు 62, ఒప్పుకున్నవారు 11, నమోదు 11’ అన్న వాక్యానికి ‘సున్నా ఎందుకు?’ అన్న ప్రశ్న అతకదు. అయినా తిడితే మీరొక్కరే పడండి. ఆ తిట్టును కింద ఐదుగురికీ పంచకండి. శాఖలో గౌరవం మొదలయ్యేది అక్కడే.

ఇంకొక్కటి. నెలాఖరు రోజున సచివాలయం వాళ్లు పింఛన్ల నగదు కోసం వస్తారు, మొదటి వారమంతా రిటైరైనవారు వస్తారు. ఆ రోజుల్లో శాఖలో ఎలాంటి క్యాంపెయినూ పెట్టకండి. తేదీ మార్చమని ముందే రాసి అడగండి. చాలామంది మేనేజర్లు అడగరు. అడిగితే ఒప్పుకునే ఆర్వోలు మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నారు.

ప్రశ్న: మా బ్యాంకులో ఏటా ఎంగేజ్‌మెంట్ సర్వే చేస్తాం. దాదాపు అందరూ సంతృప్తిగానే ఉన్నామంటారు. కానీ చేరిన ఏడాదిలోపే మానేసేవారు ఆగడం లేదు. సర్వే అబద్ధమా?
– ప్రైవేటు బ్యాంకు హెచ్‌ఆర్ అధికారి, హైదరాబాద్

సర్వే చేసే పద్ధతిలోనే లోపం ఉంది. నూటికి నూరు శాతం పాల్గొనాలని శాఖలకు గడువు పెట్టారా? పెట్టి ఉంటే సర్వే కూడా ఒక టార్గెట్ అయిపోయింది. మేనేజరు పక్కన నిలబడి ‘త్వరగా నొక్కేయండి’ అంటే ఎవరైనా ‘చాలా బాగుంది’ మీదే నొక్కుతారు.

రెండో సంగతి, గోప్యత. ఏడుగురున్న శాఖలో వయసు, కేడరు, స్త్రీపురుష వివరం అడిగారంటే పేరు అడిగినట్టే. ఆ శాఖలో 30 ఏళ్లలోపు మహిళా అధికారి ఒక్కరే ఉంటారు. కనీసం పదిమంది లేని గుంపు ఫలితాన్ని విడిగా చూపకండి, దగ్గరి శాఖలతో కలిపి క్లస్టరుగా చూపండి. ఎంప్లాయీ ఐడీతో తెరుచుకునే లింకు వద్దు. మార్చి నెలలో, త్రైమాసికం చివరి వారంలో సర్వే వద్దే వద్దు.

ప్రశ్నలు కూడా మార్చాలి. ‘మీ సంస్థను చూసి గర్వపడుతున్నారా’ అంటే జవాబు మర్యాద కోసం వస్తుంది. గత 30 రోజుల్లో జరిగినవి అడగండి. తప్పని తెలిసిన పని చేయమని ఎవరైనా అడిగారా? చెడు వార్త పైకి చెప్పినప్పుడు ఏం జరిగింది? రాత్రి 8 తర్వాత ఎన్ని రోజులు ఆఫీసులో ఉన్నారు? అడిగిన సెలవు దొరికిందా? మీరు చేసిన పనిలో ఒకదాన్ని మీ పైఅధికారి పేరుపెట్టి మెచ్చుకున్నారా?

ఈ ప్రశ్నల వెనుక పాత ఆలోచనే ఉంది. పనిలో మనసు పెట్టడం గురించి 1990లో రాసిన విలియం కాన్ మూడు షరతులు చెప్పాడు: చేసే పనికి అర్థం ఉండాలి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే నష్టం ఉండకూడదు, పనిలో పెట్టడానికి ఒంట్లో, మనసులో శక్తి మిగిలి ఉండాలి. బ్యాంకుల్లో మొదటిది లేదనేవారు తక్కువ. రైతుకు రుణం, ఇంటికి రుణం – ఇంతకన్నా అర్థమున్న పని ఏముంది? దెబ్బ తినేది రెండోదీ, మూడోదీ.

జవాబులు వచ్చాక వాటిని మీ దగ్గర ఇప్పటికే ఉన్న లెక్కలతో పోల్చండి. ఏ శాఖలో డే ఎండ్ (ఆ రోజు లెక్కల ముగింపు) ఎన్ని గంటలకు అవుతోందో సిస్టమే చెబుతుంది. సెలవు దరఖాస్తుల్లో ఎన్ని తిరస్కరించారో రికార్డులో ఉంటుంది. అన్నిటికంటే విలువైనది, ఏడాదిలోపు రాజీనామాలను శాఖల వారీగా కాకుండా మేనేజర్ల వారీగా వేసి చూడడం. మేనేజరు మూడు శాఖలు మారినా మూడింటిలోనూ కొత్తగా చేరినవారు మానేస్తున్నారంటే ఇక ఏ సర్వే అవసరం లేదు. వెళ్లిపోయేవారు రిలీవింగ్ లెటరు చేతికి రానంతవరకు నిజం చెప్పరు. వాళ్లు వెళ్లిన మూడు నెలలకు, వాళ్ల లైనుకు సంబంధం లేని వ్యక్తితో ఫోను చేయించండి.

ఫలితాలు నాలుగు వారాల్లోపు సిబ్బందికి చెప్పాలి. పది పనులు చేస్తామని చెప్పకండి. రెండు చెప్పి, రెండూ చేయండి.

ప్రశ్న: పీఓగా (ప్రొబేషనరీ ఆఫీసరుగా) మొదటి పోస్టింగు. రద్దీ సమయంలో సీనియర్లు ‘నీ ఐడీతో పాస్ చేసెయ్’ అంటారు. రెండుసార్లు నా పాస్‌వర్డ్ కూడా అడిగి తీసుకున్నారు. కాదంటే టీములో ఇమడడం లేదంటారు. ఏం చేయాలి?
– ఖమ్మం జిల్లా

ఈ పత్రిక పక్కన పెట్టి ముందు పాస్‌వర్డ్ మార్చేయండి. తర్వాత మీ ఐడీతో ఆ రెండు రోజుల్లో జరిగిన లావాదేవీల లాగ్ తీసి, ప్రతిదానికీ వోచరు ఉందో లేదో చూడండి. తేడా ఉన్నా లేకపోయినా జరిగింది జరిగినట్టు మేనేజరుకు మెయిల్‌లో రాయండి. నోటిమాట చాలదు. రేపు ఆడిట్‌లో ఏదైనా తేలితే, మీ ఐడీతో జరిగిన ప్రతిదానికీ సంజాయిషీ చెప్పాల్సింది మీరే.

ఎంట్రీ ఒకరు, ఆమోదం ఇంకొకరు అన్న పద్ధతి పెట్టింది రెండో జత కళ్లు చూడడానికి. చూడకుండా నొక్కితే ఒక్కరే రెండుసార్లు నొక్కినట్టు. 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబై బ్రేడీ హౌస్ శాఖలో బయటపడిన మోసం మొదటి లెక్కకే సుమారు 11,400 కోట్ల రూపాయలు. వేరే బ్యాంకులకు పంపే స్విఫ్ట్ సందేశాలు బ్యాంకు సొంత ఖాతాల వ్యవస్థ అయిన కోర్ బ్యాంకింగ్‌తో జతకాలేదు కాబట్టి పంపిన హామీపత్రాలు ఖాతా పుస్తకాల్లో కనిపించలేదు. ఒకే అధికారి 2010 నుంచి 2017 దాకా ఆ సీటు కదలలేదు. అక్కడ నియమాలు లేక కాదు, నియమం తప్పినా అడిగే అలవాటు లేకపోయింది.

కాదనడానికి గొడవ అక్కర్లేదు. ‘వోచరు ఇవ్వండి సార్, చూసి రెండు నిమిషాల్లో పాస్ చేస్తాను’ అనండి. ప్రతిసారీ అదే మాట, అదే గొంతుతో. పది రోజులకు అడగడం తగ్గుతుంది. మీరు నిజంగానే రెండు నిమిషాల్లో చేయాలి, అది మాత్రం మరవకండి. అధికారి వేగంగా పాస్ చేస్తే పాస్‌వర్డ్ అడిగే అవసరమే సగం పోతుంది.

సెలవుల సంగతి కూడా తెలుసుకోండి. సున్నితమైన సీట్లలో ఉన్నవారిని ముందుగా చెప్పకుండా ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు నియమం, 2021 జులైలో దాన్ని మళ్లీ స్పష్టం చేసింది. ఆ రోజుల్లో ఆఫీసు మెయిల్ తప్ప మరే సిస్టమూ ముట్టకూడదు. ‘ఆయన లేకపోతే శాఖ నడవదు’ అని పొగిడి ఈ సెలవు ఎగ్గొట్టే శాఖ కనిపిస్తే జాగ్రత్తగా ఉండండి.

శాఖలో వినకపోతే పైకి రాసే దారి ఉంది. ప్రభుత్వ బ్యాంకుల్లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పీఐడీపీఐ అనే ఫిర్యాదుల ఏర్పాటు కింద మూసిన కవరులో ఫిర్యాదు చేయవచ్చు. లోపలి ఉత్తరంలో పేరు, చిరునామా రాయాలి, కమిషన్ వాటిని గోప్యంగా ఉంచుతుంది. ఆకాశరామన్న ఉత్తరాలను తీసుకోరు. ప్రైవేటు బ్యాంకులవారికి 2007 నుంచి రిజర్వు బ్యాంకు పథకం వేరుగా ఉంది.

ప్రశ్న: విలీనమయ్యాక కూడా మా ఆఫీసులో ‘మీ బ్యాంకువాళ్లు, మా బ్యాంకువాళ్లు’ అన్న మాట పోలేదు. దీనికి మందు ఉందా?
– గ్రామీణ బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు జిల్లా

తెలుగునేల మీద ఈ ప్రశ్న చాలామందిది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. పాత బోర్డు మీద ప్రేమ ఉండడం తప్పు కాదు, దాన్ని మరచిపొమ్మనడమే తప్పు.

గొడవకు అసలు కారణం చాలాసార్లు చిన్నది. నిన్నటిదాకా కళ్లు మూసుకుని చేసిన పని ఇవాళ ఎలా చేయాలో తెలియదు, అడిగితే నవ్వుతారని భయం. ఇరవై ఏళ్ల అనుభవమున్న అధికారి గోల్డ్ లోన్ స్క్రీను దగ్గర కుర్రాడిని అడగాల్సి వస్తే ఎంత నలిగిపోతాడో పక్కవారికి తెలియదు. కాబట్టి ముందు ఒకే ఒక్క పేజీ తయారు చేయండి: గోల్డ్ లోన్, డ్వాక్రా లింకేజి, పంట రుణం, లాకరు, క్లెయిములు – ఒక్కోదానిలో పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా ఏమిటో ఒక్కో వాక్యం. అది ప్రతి సీటు దగ్గరా ఉండాలి. మూడు నెలలపాటు వేర్వేరు బ్యాంకుల నుంచి వచ్చినవారిని పక్కపక్క సీట్లలో జతలుగా కూర్చోబెట్టండి. రివ్యూ పట్టికల్లో పాత బ్యాంకు పేరు కాలమ్ తీసేయమనండి. సీనియారిటీ జాబితా మీద అభ్యంతరాలకు గడువు పెట్టి, ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబివ్వడం ఆర్వో పని. అది జరగనంతవరకు మిగతావన్నీ పైపూతే.

ప్రశ్న: వారానికి ఐదు రోజుల పని, ప్రోత్సాహకం పెంపు – వీటితో పనితీరు మెరుగవుతుందా?
– విశాఖపట్నం

ఐదు రోజుల పనికి మేం అనుకూలం. 2024 మార్చి 8న బ్యాంకులకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం వేళ దానిపై అవగాహన కుదిరింది, అమలును ప్రభుత్వ ఆమోదానికి వదిలారు. అయితే శనివారం సెలవిచ్చి ఆదివారం రికవరీ క్యాంపు పెడితే ఏం లాభం? రెండో, నాలుగో శనివారాల అనుభవం అదే చెబుతోంది.

ఇక 2020 నవంబరు ఒప్పందంలో వచ్చిన ప్రోత్సాహకం బ్యాంకు మొత్తం నిర్వహణ లాభం పెరుగుదల మీద లెక్కిస్తారు: 5 నుంచి 10 శాతం పెరిగితే 5 రోజుల మూలవేతనం, డీఏ, 15 శాతం దాటితే 15 రోజులది. ఆ ఒప్పందం ప్రకారం అందరికీ ఒకేలా వస్తుంది. సంతోషమే, కానీ రేపు ఉదయం కౌంటర్లో ఎవరి పనినీ అది మార్చదు.

ప్రశ్న: ఈమధ్యే రీజినల్ హెడ్‌గా ప్రమోషన్ వచ్చింది. నా కింద యాభైకి పైగా శాఖలు. రివ్యూల తీరు మార్చాలని ఉంది. వ్యాపారం తగ్గకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?
– తెలంగాణ

వేళ మార్చడంతో మొదలుపెట్టండి. సాయంత్రం 6 గంటల వీసీ తీసేసి, వారానికి ఒకరోజు ఉదయం 9.30 లోపు ముగిసేలా 30 నిమిషాలు పెట్టండి. యాభై శాఖలనూ ఒకేసారి కూర్చోబెట్టకుండా పదేసి చొప్పున పిలవండి. ఇంట్లో చిన్నపిల్లలున్న మహిళా మేనేజర్లు శాఖ బాధ్యత వద్దనడానికి కారణమేమిటో అడిగి చూడండి, ఈ సాయంత్రపు వీసీలు తప్పక వినిపిస్తాయి.

మొదటి ప్రశ్న ‘ఈ వారం చెడ్డ కబురు ఏమిటి?’ అన్నదే కావాలి. మొండి బాకీల సంగతిలో దీని విలువ అంకెల్లో తెలుస్తుంది. వాయిదా దాటి 30 రోజుల్లోపు ఉన్న ఖాతా ఎస్ఎంఏ–0 (ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతాల్లో మొదటి మెట్టు), 60 దాకా ఎస్ఎంఏ–1, 90 దాకా ఎస్ఎంఏ–2, ఆపైన ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. మొదటి నెలలో మేనేజరు నోరు తెరిస్తే రుణగ్రహీత ఇంటికి వెళ్లి మాట్లాడడానికి రెండు నెలలకు పైగా టైముంది. తిడతారని భయపడి 85వ రోజున చెబితే, ఎక్కడో అప్పు తెచ్చి వాయిదా సర్దుబాటు చేయడం తప్ప దారి ఉండదు. అలా సర్దిన ఖాతా మూడు నెలలకు మళ్లీ అక్కడికే వస్తుంది. చెడ్డ కబురు తొందరగా చెప్పిన మేనేజరుకు అదే సమావేశంలో సహాయం ప్రకటించండి: రికవరీకి ఒక అధికారి, వాహనం, లాయరు నోటీసు, ఏది కావాలంటే అది. మిగతావారు చూస్తారు, వచ్చేవారం ఇంకో ఇద్దరు చెబుతారు.

మూడు నెలలు ఐదు అంకెలు మీరే స్వయంగా గమనించండి: డే ఎండ్ వేళ, తిరస్కరించిన సెలవులు, ఖాళీ పోస్టులు, 90 రోజుల తర్వాత నిలిచిన కొత్త ఖాతాల శాతం, ఎస్ఎంఏ–0లోనే శాఖ స్వయంగా రిపోర్టు చేసిన ఖాతాలు. వీటితో శాఖలకు ర్యాంకులు మాత్రం కట్టకండి. కట్టారంటే డే ఎండ్ చేసేసి లైట్లు వేసుకుని పనిచేస్తారు, సెలవు దరఖాస్తులు సిస్టమ్‌లో పెట్టనివ్వకుండా నోటితోనే ఆపేస్తారు. ఏ శాఖలో అంకె తేడాగా ఉందో అక్కడికి మీరే వెళ్లండి, చెప్పకుండా కాదు, చెప్పే వెళ్లండి. మేనేజరు గదిలో కాకుండా క్యాష్ కౌంటరు వెనుక గంటసేపు కూర్చోండి.